మెయిల్ మోసంలో వివరాలు ఇచ్చేశాక: వేటిని మార్చాలి, వేటికి తాళం వేయాలి

మీరు అడిగింది ఇదీ. తిరుపతిలో ఉంటున్న మీ నాయనకు "మీ 300 రూపాయల దర్శనం టికెట్ రద్దయింది, డబ్బు వాపసు తీసుకోండి" అని మెయిల్ వచ్చింది. ఆయన లింకు నొక్కి ఆధార్, పాన్, పుట్టిన తేదీ, డెబిట్ కార్డు వివరాలు, జీమెయిల్ పాస్‌వర్డ్ అన్నీ ఇచ్చేశారు. ఇది నిన్న సాయంత్రం జరిగింది. ఖాతాలో డబ్బు ఇంకా కదల్లేదు. ఇప్పుడేం చేయాలి, ఇకముందు ఎలా జాగ్రత్తపడాలి అన్నారు. మీ తమ్ముడు పనిచేసే లాడ్జి మెయిల్‌కు యాత్రికుల ఆధార్ కాపీలు వస్తుంటాయి, దాని సంగతేమిటని కూడా అడిగారు.

డబ్బు పోలేదు కదా అని గండం గడిచినట్టు అనుకోవద్దు. ఇలాంటి మెయిళ్లు పంపేవాళ్లలో చాలామంది మొదటి రోజు వివరాలు మాత్రమే సేకరిస్తారు. వాటిని వాడేది వేరేవాళ్లు కావచ్చు, వాడేది నెల తర్వాత కావచ్చు. కాబట్టి ఆయన ఇచ్చిన వాటిని రెండు కుప్పలుగా విడదీయండి. పాస్‌వర్డ్, కార్డు నంబరు మార్చుకోగలిగినవి. మార్చిన నిమిషం నుంచి దొంగ దగ్గరున్నవి ఎందుకూ పనికిరావు. ఆధార్ నంబరు, పాన్, పుట్టిన తేదీ జన్మంతా అవే ఉంటాయి. వాటిని వెనక్కి తెచ్చుకోలేం. వాటితో ఏ తలుపూ తెరుచుకోకుండా తాళాలు వేయగలం. మొదటి కుప్ప పని ఈరోజే, ఈ గంటలోనే పూర్తి కావాలి. రెండోది ఈ వారంలో.

ముందు కార్డు. రెండు నిమిషాల పని. బ్యాంకు యాప్‌లో గానీ, కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేసి గానీ శాశ్వతంగా బ్లాక్ చేయించి కొత్త కార్డు అడగండి. తాత్కాలికంగా ఆఫ్ చేసి ఊరుకుంటే, ఎప్పుడో మళ్లీ ఆన్ చేసిన రోజు పాత నంబరే బతికి ఉంటుంది. "ఓటీపీ చెప్పలేదు కదా, ఏమీ కాదు" అనే ధీమా కూడా పనికిరాదు. విదేశీ వెబ్‌సైట్లు చాలా వరకు కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు, ఓటీపీ అడక్కుండానే డబ్బు లాగేస్తాయి. కొత్త కార్డు వచ్చాక అంతర్జాతీయ వాడకం ఆఫ్ చేసి, ఆన్‌లైన్ పరిమితిని ఇంటి అవసరానికి తగ్గించండి. ఈ స్విచ్‌లు ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఉంటాయి.

బ్లాక్ చేసిన సమయం, బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసుకోండి. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు ఇచ్చేసిన సందర్భంలో, బ్యాంకుకు చెప్పే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. అంటే ఆ సమయమే మీకు సాక్ష్యం. ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా మరెక్కడో లోపం వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం పూర్తిగా మాఫీ. రెండింటికీ తేడా తెలిసి ఉండడం మంచిది, బ్యాంకులో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

తర్వాత జీమెయిల్. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో పెద్దది ఇదే. మెయిల్‌పెట్టె అంటే ఇంట్లో మిగతా తాళంచెవులన్నీ వేలాడే మేకు. రైల్వే టికెట్లు, మ్యూచువల్ ఫండ్ లాంటి చాలా సైట్లలో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకో కోడో ఇక్కడికే వస్తుంది. పాస్‌వర్డ్ మార్చడంతో పని అయిపోయిందని చాలామంది ఆగిపోతారు. దొంగ ఒక్కసారి లోపలికి వచ్చి ఉంటే, మళ్లీ వచ్చే దారి వేసుకునే పోతాడు. అందుకే ఈ వరుసలో వెళ్లండి.

గూగుల్ ఖాతా సెట్టింగుల్లో సెక్యూరిటీ పేజీ తెరవండి. పాస్‌వర్డ్ మార్చండి. ఆ వెంటనే "యువర్ డివైసెస్" జాబితా చూసి, మీ నాయన ఫోన్ తప్ప మిగతావన్నీ సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ ఆయనవేనా చూడండి. దొంగలు ముందు మార్చేది వాటినే. ఖాతాకు అనుసంధానమైన బయటి యాప్‌ల జాబితాలో తెలియనిది ఏదున్నా తీసేయండి. పాస్‌వర్డ్ మారినా కొన్ని యాప్‌లకు ఇచ్చిన అనుమతి అలాగే ఉండిపోవచ్చు. "యాప్ పాస్‌వర్డ్స్" అనే చోట ఏదైనా సృష్టించి ఉంటే అదీ తొలగించండి.

ఇక ఎక్కువమంది చూడని చోటు: ఫార్వార్డింగ్, ఫిల్టర్లు. జీమెయిల్ యాప్‌లో ఇవి కనిపించవు. కంప్యూటర్ బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, గేరు గుర్తు, "సీ ఆల్ సెట్టింగ్స్" నొక్కితే "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్", "ఫార్వార్డింగ్" అని రెండు విభాగాలు వేర్వేరుగా ఉంటాయి. బ్యాంకు అనే మాట ఉన్న మెయిళ్లను చదివినట్టు గుర్తుపెట్టి చెత్తబుట్టలో వేసే ఫిల్టరు ఒకటి దొంగ పెట్టి ఉంటే, బ్యాంకు పంపే హెచ్చరికలు మీ నాయన కంట పడవు. తెలియని ఫార్వార్డింగ్ చిరునామా ఉంటే తీసేయండి. "అకౌంట్స్" విభాగంలో వేరొకరికి ఖాతా చూసే అనుమతి ఇచ్చినట్టు ఉందేమో కూడా చూడండి. కంప్యూటర్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లోనే "డెస్క్‌టాప్ సైట్" పెట్టుకుని చూడవచ్చు. అక్షరాలు చిన్నవిగా కనిపించినా పని అవుతుంది.

కొత్త పాస్‌వర్డ్ గురించి ఒక మాట. గోవిందా, బాలాజీ, శ్రీనివాస పక్కన పుట్టిన సంవత్సరం పెట్టడం మన జిల్లాల్లో మామూలు. ఊహించేవాళ్లు ముందు కొట్టి చూసేవీ అవే. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరుసగా రాయండి: రోలు, చింతకాయ, మెట్లు, కొడవలి లాంటివి. ఈ నాలుగూ వాడొద్దు, మీవి మీరు ఎంచుకోండి. గుర్తుంటుంది, పొడుగ్గానూ ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు. పాతదాన్ని వేరే ఏ సైట్లలో వాడారో ఆయన్నే అడిగి అక్కడా మార్చండి.

రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, అయితే ఎస్ఎంఎస్ ఓటీపీతో ఆగొద్దు. ఇప్పటి నకిలీ పేజీలు మధ్యవర్తుల్లా పనిచేస్తాయి. మీరు కొట్టిన పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ అదే క్షణంలో అసలు సైట్‌కు చేరవేసి లోపలికి వెళ్లిపోతాయి. పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లో దాగి ఉండే డిజిటల్ తాళంచెవి, అలా మోసపోదు. అది ఏ సైట్ కోసం సృష్టించామో ఆ చిరునామాలోనే పనిచేస్తుంది, నకిలీ చిరునామాలో ఫోన్ దాన్ని బయటికి తీయనే తీయదు. పెద్దవాళ్లకు ఇదే సులువు కూడా: ఫోన్ మీద వేలు పెడితే చాలు. పాస్‌వర్డ్‌లు దాచి నింపిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్‌కూ ఇదే గుణం ఉంది. రోజూ తనంతట తాను పాస్‌వర్డ్ నింపే చోట ఒకరోజు నింపకపోతే, చేత్తో కొట్టే ముందు చిరునామా చూడండి. అదొక హెచ్చరిక. ఫోన్ పోయినప్పటి కోసం గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోటో తీసి అదే జీమెయిల్‌లో దాచుకుంటే ప్రయోజనం లేదు.

ఇప్పుడు మార్చలేని వాటికి తాళాలు. ఆధార్ సంగతి: ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ వారి యాప్‌లో లేదా మైఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబరు చేతిలో ఉండాలి. లాక్ పెట్టాక వేలిముద్ర, కనుపాప, ముఖం ద్వారా జరిగే ధ్రువీకరణలన్నీ ఆగిపోతాయి, ఆధార్ ద్వారా నగదు తీసే మోసాలకు దారి మూసుకుంటుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, రేషన్ దుకాణంలో వేలిముద్ర పడదు, వేలిముద్ర అడిగే పింఛను పనీ ఆగుతుంది. అప్పుడు యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేయాలి, కాసేపటికి దానంతటదే మళ్లీ లాక్ అవుతుంది. ఇది ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. లేకపోతే మొదటి నెలే "యంత్రం పనిచేయట్లేదు" అని చిరాకుపడి తాళం పూర్తిగా తీసేస్తారు. అదే సైట్‌లో ధ్రువీకరణ చరిత్ర ఉంటుంది. గత ఆరు నెలల్లో మీ నాయన ఆధార్‌ను ఎప్పుడు, ఏ విధంగా వాడారో చూపిస్తుంది. మీకు తెలియని తేదీ ఉంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి.

పాన్‌కు అలాంటి తాళం లేదు కాబట్టి కాపలా కాయాలి. పాన్, పుట్టిన తేదీ, ఆధార్ కలిసి దొరికితే ఎక్కువగా జరిగేది ఇంకొకరి పేరున చిన్న డిజిటల్ అప్పు తీయడం. అది క్రెడిట్ రిపోర్టులో కనబడుతుంది. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకండి. ఒకటి ఇప్పటికి నెల తర్వాత, మిగతావి మూడేసి నెలల తేడాతో తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. ఆ సంస్థల సొంత సైట్ల నుంచే తీయండి. "ఉచిత స్కోరు" అంటూ ప్రకటనల్లో వచ్చే సైట్లు మళ్లీ పాన్, ఫోన్ నంబరు అడిగి తీసుకుంటాయి. మీకు తెలియని అప్పు కనబడితే ఆ రిపోర్టు సైట్‌లోనే వివాదం నమోదు చేసి, అప్పిచ్చిన సంస్థకూ రాతపూర్వకంగా తెలపండి.

ఆధార్ మీద ఎవరైనా కొత్త సిమ్ తీసుకున్నారేమో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో చూడవచ్చు. ఆయన పేరున ఉన్న నంబర్లన్నీ వస్తాయి, తనది కానిదాని పక్కన "నా నంబరు కాదు" అని గుర్తుపెట్టవచ్చు. మరో సూచన: ఆయన ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంట దాటినా రాకపోతే, ఇంట్లో మిగతా వాళ్లకు అదే నెట్‌వర్క్ బాగానే ఉంటే, ఆపరేటర్ షోరూమ్‌కు వెంటనే వెళ్లండి. ఆయన సిమ్‌ను ఇంకెవరో తీసుకుని ఉండవచ్చు.

ఇక అసలు ఈ మెయిల్ ఎందుకు పండిందో చూద్దాం, ఎందుకంటే రేపు ఇంకో వేషంలో వస్తుంది. టీటీడీ సైట్‌లో టికెట్ తీసుకునేటప్పుడు ప్రతి యాత్రికుడి గుర్తింపు కార్డు నంబరు అడుగుతారు. కాబట్టి దర్శనం పేరుతో ఎవరు ఆధార్ అడిగినా మనకు సహజంగానే అనిపిస్తుంది. గది తీసుకున్నవాళ్లకు కాషన్ డిపాజిట్ వాపసు నిజంగానే వస్తుంది, అందుకు కొన్ని రోజులు ఎదురుచూడడమూ మనకు అలవాటే. మోసగాళ్లు ఆ రెండు అలవాట్లనీ కలిపి కుట్టారు. అసలు నిబంధన ఏమిటంటే, ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ ఒకసారి బుక్ చేశాక రద్దు చేసుకోవడం, వాయిదా వేసుకోవడం ఉండవు. డిపాజిట్ వాపసు కూడా ఏ ఖాతా నుంచి కట్టామో ఆ ఖాతాకే తిరిగి వెళ్తుంది, దానికి కార్డు నంబరు మళ్లీ ఇవ్వాల్సిన పని లేదు. మెయిల్ పాస్‌వర్డ్‌తో అయితే దేవస్థానానికే కాదు, ప్రపంచంలో ఏ సంస్థకూ అవసరం లేదు.

అధికారిక చిరునామా టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. వెబ్ చిరునామా చదవడం అందరికీ నేర్పండి, పది నిమిషాల పని. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, వెబ్ చిరునామాలో చివర వస్తుంది. హెచ్‌టీటీపీఎస్ తర్వాత ఉండే జంట గీతలు దాటి, ఆ తర్వాత మొదటి ఒంటి ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి. దానికి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న చివరి ముక్కలే ఇంటిపేరు. దాని ముందు ఎవరైనా ఏ పేరైనా తగిలించుకోవచ్చు: టీటీడీ, తిరుమల, దర్శన్, ఏపీ, గవ్ ఏదైనా సరే. "ఏపీ హైఫన్ గవ్ డాట్ కామ్" అని ఉంటే దాని ఇంటిపేరు గవ్ డాట్ ఇన్ కాదు, ఎవరో కొన్న ఒక డాట్ కామ్. చుక్క ఉండాల్సిన చోట హైఫన్ ఉందా అన్నదే ఎక్కువగా కొంప ముంచేది. గవ్ డాట్ ఇన్ తోకను ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. బ్యాంకులను కూడా 2025 అక్టోబర్ 31 లోపు "బ్యాంక్ డాట్ ఇన్" తోకలోకి మారమని ఆర్‌బీఐ ఆదేశించింది. ఆ తోకను హైదరాబాద్‌లోని ఆర్‌బీఐ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ద్వారా బ్యాంకులకు మాత్రమే ఇస్తారు. కనుక బ్యాంకు పేరు చెప్పి వేరే తోక ఉన్న లింకు వస్తే ఇప్పుడు అనుమానించడం సులువు. పక్కన తాళం గుర్తు ఉంటే అసలుదని నమ్మొద్దు. దారిలో ఎవరూ వినలేరన్నంత వరకే దాని అర్థం. అవతల ఉన్నది దొంగ అయినా తాళం గుర్తు వస్తుంది.

ఫోన్‌లో మెయిల్ చూసేటప్పుడు పైన పంపినవాళ్ల పేరు మాత్రమే కనబడుతుంది, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు కింద "టు మీ" పక్కనున్న బాణం నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపిస్తుంది. ఓ బదులు సున్నా పెడతారు. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ వెలుగు పెంచి చదవమనండి. కంప్యూటర్‌లో అయితే మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పరీక్షల ఫలితం వస్తుంది. ఇందులో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మూడింట్లోనూ "పాస్" అని ఉంటే, మెయిల్ ఆ చిరునామా నుంచే వచ్చిందని మాత్రమే తేలింది. మోసగాడు తన సొంత నకిలీ చిరునామాకు ఈ మూడూ సక్రమంగా అమర్చుకోగలడు. పంపిన చిరునామా అసలుదిలా కనబడుతూ "ఫెయిల్" అని ఉంటే మాత్రం దాన్ని ఇక చదవాల్సిన పనే లేదు.

అటాచ్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కువగా చూడాల్సింది హెచ్‌టీఎమ్ఎల్ ఫైళ్లు. "రసీదు", "నోటీసు" అనే పేరుతో వస్తాయి. నొక్కితే బ్రౌజర్‌లో బ్యాంకు లాగిన్ లాంటి పేజీ తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో అయితే పైన చిరునామా పట్టీలో వెబ్ చిరునామా బదులు "ఫైల్" అనే మాటతో మొదలవుతుంది. అంటే అది మీ కంప్యూటర్‌లోని కాగితమే, ఏ సైటూ కాదు. ఏపీకే (ఫోన్ యాప్) ఫైలు మెయిల్లో వస్తే ఏ కారణంతోనూ ఇన్‌స్టాల్ చేయకండి. అది వచ్చిన ఎస్ఎంఎస్‌లన్నీ, ఓటీపీలతో సహా, బయటికి పంపగలదు. గూగుల్ ఫామ్ లింకులతో ఇంకో చిక్కు: చిరునామా నిజంగా గూగుల్‌దే, వివరాలు వెళ్లేది మాత్రం ఫామ్ తయారుచేసిన వ్యక్తికి.

ఇన్ని పరీక్షలు రోజూ ఎవరూ చేయలేరు, డెబ్బై ఏళ్ల మనిషి అసలే చేయలేడు. అందుకే ఇంట్లో ఒకే పద్ధతి పెట్టండి. మెయిల్ కబురు మాత్రమే చెప్పాలి, దారి చూపకూడదు. టికెట్ రద్దయిందని మెయిల్ వస్తే మెయిల్ మూసేసి, ఫోన్‌లో ముందే పెట్టుకున్న బుక్‌మార్క్ ద్వారా గానీ టీటీడీ యాప్ ద్వారా గానీ వెళ్లి చూడాలి. బ్యాంకు మెయిల్‌కు బ్యాంకు యాప్. ఆదాయపు పన్ను నోటీసు వస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోకి స్వయంగా వెళ్లాలి. 2019 అక్టోబర్ 1 నుంచి ఆ శాఖ ఉత్తరాల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య వేస్తోంది, అది అసలుదో కాదో ఆ పోర్టల్లోనే లాగిన్ లేకుండా సరిచూసుకోవచ్చు. సీబీఐ, పోలీసు ముద్రలతో "మీ మీద కేసు ఉంది, 24 గంటల్లో జవాబివ్వండి" అనే మెయిళ్లకు సరిచూసుకునే పని కూడా లేదు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు. మీ నాయన ఫోన్ మొదటి తెరమీద ఐదారు బుక్‌మార్క్‌లు మీరే చేసి పెట్టండి: దేవస్థానం, బ్యాంకు, ఆధార్, పన్ను, కరెంటు బిల్లు. ఆయన వాడే ప్రపంచం దాదాపు అంతే.

మెయిల్‌పెట్టెలో పేరుకున్న పాత కాగితాలు తీసేయడం మరో ముఖ్యమైన పని. ఖాతాలోకి చొరబడినవాడు మొదట వెతికేది ఆధార్, పాన్, పాస్‌బుక్, పాస్‌వర్డ్ అనే మాటలే. మీరు ముందే వెతకండి. ఇన్‌బాక్స్‌తో పాటు పంపిన మెయిళ్లలోనూ చూడండి, అసలు గని అక్కడే. తొలగించినవి చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, దాన్నీ ఖాళీ చేయండి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోవద్దు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. మీ నాయన పేరు, పుట్టిన తేదీ రెండూ ఇప్పటికే వాళ్ల దగ్గరున్నాయి.

ప్రింటు కోసం జిరాక్స్ షాపు మెయిల్‌కు ఆధార్ పంపడం మన ఊళ్లలో రోజూ జరిగే పని. ఆ కాపీ ఆ షాపు మెయిల్‌పెట్టెలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ ఖాతా కంప్యూటర్‌లో పొద్దుగూకులూ తెరిచే ఉంటుంది. పంపక తప్పకపోతే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ఉడాయ్ సైట్ నుంచే దించుకోవచ్చు, మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. షాపు కంప్యూటర్‌లో మీ జీమెయిల్ మాత్రం తెరవొద్దు. ఇప్పటికే తెరిచి ఉంటే పైన చెప్పిన డివైసెస్ జాబితాలో ఆ కంప్యూటర్ కనబడుతుంది, ఇంటి నుంచే సైన్ అవుట్ చేయవచ్చు.

ఇక మీ తమ్ముడి లాడ్జి. బస చేయించే చోట్లను వెతికి మరీ పట్టే పద్ధతి ఒకటి ఇప్పుడు నడుస్తోంది. "మీ గదిలో బస చేసిన అతిథి ఫిర్యాదు చేశారు", "వస్తువు మర్చిపోయారు, ఫోటో చూడండి" అని బుకింగ్ సైట్ పేరుతో మెయిల్ వస్తుంది. లింకు తెరిస్తే "మీరు రోబో కాదని నిరూపించండి" అనే పెట్టె. అందులో సూచనలు: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వీ నొక్కండి, తర్వాత ఎంటర్. ఈ మూడు మెట్లు ఎక్కడ కనబడినా అక్కడే ఆగిపోవాలి. ఆ పేజీ ఒక ఆదేశాన్ని ముందే చడీచప్పుడు లేకుండా కాపీ చేసి పెడుతుంది. మొదటి మెట్టుతో రన్ పెట్టె తెరుచుకుంటుంది, రెండోదానితో ఆ ఆదేశం అందులో పడుతుంది, మూడోదానితో మన చేత్తో మనమే దాన్ని నడిపినట్టు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలు (లోపలికి వచ్చేశామని సైట్ గుర్తుపట్టే చీటీలు) అన్నీ క్షణాల్లో పోతాయి. కుకీ పోతే ఓటీపీ కూడా అడ్డుకోదు. అడ్మిన్ హక్కులు లేని ఖాతా పెట్టినంత మాత్రాన ఇది ఆగదు.

ఒకవేళ ఎవరైనా నొక్కేసి ఉంటే ముందు ఆ కంప్యూటర్ నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు అదే కంప్యూటర్‌లో మార్చితే కొత్తవీ పోతాయి, వేరే ఫోన్ నుంచి మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి. తర్వాత విండోస్ తుడిచి మళ్లీ వేయించాలి. ఆ బుకింగ్ ఖాతాలోకి దొంగ వెళ్తే, రాబోయే అతిథులకు వాళ్ల అసలు బుకింగ్ తేదీ, పేరు చెప్పి "మళ్లీ డబ్బు కట్టండి" అని సందేశాలు పెడతాడు. చేరవలసిన అతిథులకు లాడ్జి నుంచే ఫోన్ చేసి హెచ్చరించడం ఒక్కటే దీనికి మందు.

యాత్రికుల కార్డుల విషయంలో, రిజిస్టర్‌లో వివరాలు రాసుకోవడం వేరు, ఆధార్ ఫోటోలు మెయిల్లో పోగేయడం వేరు. వచ్చేముందు మెయిల్ చేయమని అడగడం మానేసి కౌంటర్‌లో కార్డు చూసి రాసుకుంటే ఈ ముప్పు సగానికి సగం ఉండదు. మెయిల్లో వచ్చినవి గది ఖాళీ చేసిన రోజే తొలగించాలి. రిసెప్షన్ మెయిల్, యజమాని బ్యాంకు మెయిల్ ఒకటే కాకూడదు. బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోకుండా సెట్టింగు మార్చాలి. షిఫ్టు మారిన ప్రతిసారీ లాగ్ అవుట్ కావాలి.

ఇంట్లో ఉద్యోగాలకు ప్రయత్నించే పిల్లలుంటే ఇదీ చెప్పండి. శ్రీసిటీ కంపెనీల పేరుతో నియామక పత్రాలు పంపి ఆధార్, పాన్, రద్దుచేసిన చెక్కు, ఆపై "తిరిగి ఇచ్చే డిపాజిట్" అడిగేవాళ్లు ఉండవచ్చు. ఇంటర్వ్యూ లేకుండా పత్రం రావడం, మామూలు జీమెయిల్ చిరునామా నుంచి రావడం, డబ్బు అడగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కాగితాలు పంపొద్దు. కంపెనీ సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి, మెయిల్లో ఇచ్చిన నంబరుకు చేయొద్దు. బ్యాంకు వివరాలు ఉద్యోగంలో చేరాక ఇవ్వవచ్చు.

ఫిర్యాదు విషయానికి వస్తే, మీ నాయనకు వచ్చిన మెయిల్‌ను తొలగించకండి. స్క్రీన్‌షాట్‌లో, ఫార్వార్డ్ చేసిన మెయిల్లో అది ఏ దారిన వచ్చిందో తెలిపే శీర్షిక వివరాలు ఉండవు. కంప్యూటర్‌లో మూడు చుక్కలు నొక్కి "డౌన్‌లోడ్ మెసేజ్" ఎంచుకుంటే అవన్నీ ఉన్న ఫైలు వస్తుంది. ఆ ఫైలు, లింకు చిరునామా, ఆయన ఏమేం ఇచ్చారో జాబితా, సమయాలు కలిపి సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. డబ్బు పోకపోయినా ఫిర్యాదు చేయాలి. రేపు ఆయన పేరున అప్పు తేలితే, ముందే చెప్పామనడానికి ఆ నంబరు కావాలి. ఇంకొకరి గుర్తింపు వివరాలు దొంగిలించి వాడడం ఐటీ చట్టం 66సి కింద నేరం, వేషం వేసి మోసం చేయడం 66డి కింద నేరం. మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తే "ఇది మా పరిధి కాదు" అనే మాట చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు.

ఒకవేళ డబ్బు కదిలితే పోర్టల్ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. బ్యాంకు పేరు, లావాదేవీ నంబరు, మొత్తం, సమయం చేతిలో పెట్టుకుని చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, ఎంత త్వరగా చెబితే అంత ముందు ఖాతాలో ఆపగలుగుతారు.

మీ నాయనను ఈ విషయంలో కోప్పడకండి. తిట్లు తిన్న మనిషి రెండోసారి జరిగితే దాచిపెడతాడు, అప్పుడు పోయేది ఆ గంటలే. పైగా రెండోసారి వచ్చే అవకాశం ఆయనకే ఎక్కువ. ఒకసారి వివరాలు ఇచ్చినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి. కొద్ది వారాల్లో "మీ ఫిర్యాదు మాకు అందింది, మీ వివరాలు రక్షించడానికి ఈ రుసుము కట్టండి" అని సైబర్ పోలీసుల పేరుతోనో, లాయరు పేరుతోనో మెయిల్ రావచ్చు. అందులో ఆయన ఆధార్ చివరి అంకెలు కూడా సరిగ్గా ఉంటాయి, ఎందుకంటే ఆయన ఇచ్చినవే. ఫిర్యాదు పరిష్కారానికి ప్రభుత్వం రుసుము తీసుకోదు. ఆ మెయిల్ వచ్చిన రోజు దాన్నీ అలాగే డౌన్‌లోడ్ చేసి, ఇప్పుడు మీకు వచ్చే ఫిర్యాదు నంబరుతో పాటు స్టేషన్‌లో ఇవ్వండి.